స్క్రిప్టు పంపెడి దూతలు

ముద్రిత గ్రంథమును స్కాను చేసినంత మాత్రమున అది కంప్యూటరు చదువగలిగిన గ్రంథము కాజాలదు. శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధమై, అక్కిరాజు ఉమాకాంతముగారి పరిష్కరణముతో 1911లో అచ్చుపడిన పల్నాటి వీరచరిత్రవంటి ద్విపద కావ్యము యొక్క పాత ప్రతి యొకటి, పుటపుటయు ఛాయాచిత్రమై, పి.డి.ఎఫ్. రూపమున మన యంత్రములోనికి చేరినను, అందు కంప్యూటరునకు గోచరించునది నలుపు తెలుపు చుక్కల సముదాయమే గాని అక్షరము కాదు. బ్రహ్మనాయుని పేరు ఏయే పుటలలో వచ్చినదో, మాచెర్ల ప్రసక్తి ఎన్ని చోట్ల కలదో వెదకి చూపుమనిన, అది చూపజాలదు. వెదకుటకు ముందు ఆ చుక్కలు అక్షరములు కావలెను.

ఇట్టి చిత్రగ్రంథములు మనకు కొరత లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, కృత్రిమ మేధారంగమున చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారమునందిన రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి నడిపించిన పది లక్షల గ్రంథముల పథకమును, దానితో చేయి కలిపిన భారతీయ డిజిటల్ గ్రంథాలయమును పాత తెలుగు పుస్తకములను వేలకొలదిగా చిత్రరూపమునకు తెచ్చినవి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఆ మహాకార్యమునకొక ప్రధాన కేంద్రమై నిలిచెను. చిత్రములు వచ్చినవి, అక్షరములు రావలసియున్నవి. ఈ నడిమి దూరమును దాటించుటకు పల్నాటి పల్లెలోని విద్యార్థియు తన సొంత కంప్యూటరుపై చేయగలిగిన పని యొకటి కలదు. ఒక చిన్న స్క్రిప్టును వ్రాసి, దానిచేత బయటి ప్రోగ్రాములకు ఆజ్ఞలిప్పించుటయే ఆ పని. చూచుటకు స్వల్పముగా తోచు ఈ ప్రక్రియలో ఎంత శక్తి యున్నదో అంత అపాయమును ఉన్నది గనుక, దానిని సావకాశముగా వివరింపవలెనని నా అభిలాష.

దీనికి కావలసిన పరికరములు వేర్వేరు చేతులలో రూపొంది, దేనికది పూర్ణమై యున్నవి. పి.డి.ఎఫ్.ను పుటలుగా విడదీసి చిత్రములుగా మార్చుటకు పాప్లర్ అను ఉచిత సాధన సముదాయమున ‘పిడిఎఫ్‌టుపిపిఎం’ అను ఆజ్ఞ కలదు. చిత్రములోని అక్షరములను గుర్తించుటకు టెసరాక్ట్ కలదు. ఇది 1980ల దశకమున హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థవారి బ్రిస్టల్ ప్రయోగశాలలో రే స్మిత్ చేతిలో ఆరంభమై, 2005లో మూలసంకేతముతో సహా లోకమునకు విడువబడి, పిమ్మట గూగుల్ ఆదరణమున పెరిగి, 2018లో వెలువడిన నాలుగవ రూపముతో నాడీజాల పద్ధతిని అవలంబించినది. తెలుగును గుర్తించుటకు దానికి ప్రత్యేకమైన దత్తాంశ మొకటి సిద్ధముగా నున్నది. ఒక్క పుటకైనచో ఈ ఆజ్ఞలను చేతితో టైపు చేయవచ్చును. నాలుగు వందల పుటలకు నాలుగు వందల మారులు టైపు చేయుట దుర్భరము. ఎచ్చటనో ఒక పుట జారిపోవుటయు తప్పదు. పైథాన్‌వంటి భాషలో ఇరువది పంక్తుల స్క్రిప్టు వ్రాసినచో అది ఒక్కొక్క పుటను టెసరాక్టునకు అప్పగించి, ఫలితమును తీసికొని, వరుస తప్పక ఒక్క ఫైలులో కూర్చును.

ఇందు గమనింపవలసిన దేమనగా, ఆ స్క్రిప్టునకు అక్షరములను గుర్తించు విద్య ఇసుమంతయు లేదు. అది చేయునదెల్ల తెలిసినవారిని పిలిచి పని చెప్పుటయే.

ఈ పిలుపు యంత్రములో నెట్లు జరుగునో చెప్పెదను. 1969లో బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్ అను ఆపరేటింగు సిస్టమునకు అంకురార్పణ చేసిరి. నేటి లినక్స్ యంత్రములును, మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులును ఆ సంప్రదాయమునకు చెందినవే. ఆ పద్ధతిలో, నడుచుచున్న ప్రోగ్రాము ఒకటి వేరొకదానిని నడుపదలచినచో, మొదట ‘ఫోర్క్’ అను పిలుపుతో అచ్చముగా తనవంటి ప్రతిరూపమును సృజించును. ఆ ప్రతిరూపము వెంటనే ‘ఎగ్జెక్’ అను పిలుపుతో తన పూర్వ శరీరమును విడిచి, పిలువబడిన ప్రోగ్రాముగా మారిపోవును. జనక ప్రోగ్రాము ‘వెయిట్’ అను పిలుపుతో దాని సమాప్తికై నిరీక్షించును. పుట్టిన క్షణమున శిశుప్రక్రియకు జనకుని అధికారములు, జనకుడున్న ఫోల్డరు, జనకుని పరిసర విశేషములు సమస్తమును వారసత్వముగా సంక్రమించును. ఈ చివరి మాట మరువరానిది. నిర్వాహకుని అధికారముతో నడుచు స్క్రిప్టు పంపిన ఆజ్ఞ నిర్వాహకుని అధికారముతోనే వెళ్లును. అది చేయు తప్పు ఆ హోదాకు తగినంత పెద్దదగును.

పల్నాటివారికి ఈ వ్యవహారమును తెలుపుటకు దూరము పోనక్కరలేదు. కోడిపందెమున ఓడి, ఏడేండ్లు అరణ్యవాసము గడపిన మలిదేవరాజు పక్షమువారు తమ రాజ్యభాగమును తిరిగి యిమ్మని గురజాల నేలుచున్న నలగామరాజు కడకు అలరాజును రాయబారిగా పంపిన కథ ఈ ప్రాంతమున ఎరుగనివారుండరు. దూతను పంపుటయందు మూడు చింతలున్నవి: చెప్పి పంపిన మాట చెప్పినట్లే చేరునా యనునది ఒకటి, తిరిగి వచ్చిన ప్రత్యుత్తరమును మనము సరిగా వినుచున్నామా యనునది రెండవది, వెళ్లినవాడు తిరిగి రాకపోయిన నేమి చేయుదుమనునది మూడవది. స్క్రిప్టు నుండి బయటి ఆజ్ఞను నడుపుటలోని కష్టములన్నియు ఈ మూడింటిలోనికే వచ్చును.

మొదటి చింతను గూర్చి కౌటిల్యుడు అర్థశాస్త్రమున చేసిన విభాగము నాకు మిక్కిలి ఉపయుక్తముగా తోచినది. ఆయన దూతలను మూడు తెగలుగా చెప్పెను. సందర్భమునుబట్టి స్వయముగా నిర్ణయింపగల సంపూర్ణాధికారము కలవాడు నిసృష్టార్థుడు; నియమితమైన పనికి మాత్రమే పరిమితుడైనవాడు పరిమితార్థుడు; ఇచ్చిన లేఖను ఇచ్చినట్లు చేర్చువాడు శాసనహరుడు. స్క్రిప్టు వ్రాయువానికి బయటి ప్రోగ్రామును పిలుచుటకు రెండు త్రోవలున్నవి. వానిలో నొకటి నిసృష్టార్థుని పంపుట, రెండవది శాసనహరుని పంపుట.

మొదటి త్రోవ షెల్లు ద్వారా పోవునది. షెల్లనగా మనము టైపు చేసిన పంక్తిని చదివి, దాని అర్థమును నిర్ణయించి, తగిన ప్రోగ్రాములను నడుపు మధ్యవర్తి. 1979లో స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్లు యూనిక్సుతో లోకమున వ్యాపించెను. దాని సంతతియే నేటి బాష్. ఈ మధ్యవర్తి బుద్ధిశాలి. నక్షత్రపు గుర్తు కనబడినచో దానిని ఫైళ్ల పేర్లుగా విస్తరించును. నిలువుగీత కనబడినచో ఒక ప్రోగ్రాము ఫలితమును మరియొకదానికి అందించును. డగ్ మెకిల్‌రాయ్ ప్రేరణమున 1973లో యూనిక్సులో చేరిన ఈ గొట్టపు పద్ధతి కంప్యూటరు శాస్త్రమునందలి సుందరమైన భావములలో నొకటియని నిస్సంశయముగా చెప్పగలను. కాని సెమికోలన్ కనబడినచో ఒక ఆజ్ఞ ముగిసి మరియొక ఆజ్ఞ మొదలయినదనియు, ఖాళీ కనబడినచో ఒక మాట ముగిసి మరియొక మాట మొదలయినదనియు అది తలచును. సి భాషలోని ‘సిస్టం’ అను పిలుపును, పైథాన్‌లోని ‘ఓఎస్.సిస్టం’ అనునదియు మన పంక్తిని ఈ మధ్యవర్తి చేతికే ఇచ్చును.

ఇప్పుడు మన ఫైలు పేరు ‘పల్నాటి వీరచరిత్ర’ అని యున్నదనుకొందము. నడుమ ఒక ఖాళీ కలదు. ఆ పేరును ఆజ్ఞతో కలిపి ఒక్క పంక్తిగా కూర్చి షెల్లునకిచ్చినచో, అది దానిని ‘పల్నాటి’, ‘వీరచరిత్ర’ యను రెండు మాటలుగా విడదీయును; పిలువబడిన ప్రోగ్రాము ఆ పేరుగల ఫైలు లేదని చెప్పును. ఇది అమాయకమైన ప్రమాదము. ఫైలు పేరు పరుల చేతినుండి వచ్చినదై, అందొక సెమికోలనును, దాని పిమ్మట ఫైళ్లను తొలగించు ఆజ్ఞయు ఇమిడియున్నచో, షెల్లు వివేచన చేయక ఆ రెండవ ఆజ్ఞను కూడ నెరవేర్చును. దుష్టులు ఎంచుకొను ఈ మార్గమునకే ఆజ్ఞాప్రక్షేపమని పేరు పెట్టవచ్చును.

ఇది ఊహాజనితమైన భయము కాదు. చిత్రములను మార్చుటకు లోకమంతటను వాడుకలో నున్న ఇమేజ్‌మ్యాజిక్ అను సాధనము, తనకు చేతకాని పనులను బయటి ప్రోగ్రాములకు అప్పగించునట్టిది. జాలములోని చిత్రమును తెచ్చుటకు అది దాని చిరునామాను ఒక ఆజ్ఞాపంక్తిలో చేర్చి షెల్లునకిచ్చెడిది. ఆ చిరునామాలోని గుర్తులను తగినంతగా శోధించెడిది కాదు. చిత్రమువలె కనబడు ఫైలులో ఒక ఆజ్ఞను దాచి వెబ్‌సైటుకు పంపినచో, ఆ సైటు నడుచు యంత్రముపైననే ఆ ఆజ్ఞ నడుచునని 2016 మే నెలలో బయటపడెను. ఇమేజ్‌ట్రాజిక్ అని పేరుపడిన ఆ దోషము, ఫోటోలను స్వీకరించు అసంఖ్యాకములైన వెబ్‌సైట్లను కలవరపరచినది. ప్రోగ్రాము వ్రాసినవారు అసమర్థులు కారు, సుప్రసిద్ధులు. వారు పంపిన దూతకు అర్థము చెప్పు అధికారము అవసరమునకు మించి యుండుటయే దోషము.

రెండవ త్రోవలో షెల్లునకు ప్రమేయమే లేదు. పైథాన్‌లో 2004లో వెలువడిన 2.4వ రూపముతో చేరిన ‘సబ్‌ప్రాసెస్’ అను భాగము ఆజ్ఞను ఒక్క పంక్తిగా గాక, మాటల జాబితాగా స్వీకరించును: ప్రోగ్రాము పేరు ఒక అంశము, ఫైలు పేరు మరియొక అంశము, భాషను తెలుపు గుర్తు వేరొక అంశము. ఖాళీయున్నను, సెమికోలనున్నను, కొటేషను గుర్తులున్నను ఆ పేరు పేరుగానే పోవును. నడుమ అర్థము చెప్పువాడెవడును లేడు. ఇది శాసనహరుని పంపుట. అదే భాగములో ‘షెల్’ అను ఐచ్ఛికమును నిజమని పెట్టి తిరిగి మధ్యవర్తిని పిలుచు వెసులుబాటును కలదు. తొందరలో నున్నవారు దానినే ఆశ్రయింతురు. ఫైలు పేరు గాని, పాఠకుడు టైపు చేసిన మాట గాని, జాలమునుండి వచ్చిన ఏ అంశము గాని ఆజ్ఞలో చేరుచున్నంతకాలము దానిని ముట్టరాదని నా దృఢాభిప్రాయము.

శాసనహరుడును సర్వదోషరహితుడు కాడు. ఫైలు పేరు అడ్డగీతతో మొదలైనచో, దానిని పొందిన ప్రోగ్రాము అది పేరు కాదనియు, తనకిచ్చిన ఐచ్ఛికమనియు భ్రమించును. అందుచేత అనేక ప్రోగ్రాములలో రెండు అడ్డగీతలను ముందుంచినచో, ఇక వచ్చునవన్నియు పేర్లేయని తెలుపు ఆచారమేర్పడినది. విండోస్ యంత్రములలో చిక్కు మరింత లోతైనది. అచ్చట ఆపరేటింగు సిస్టము మాటల జాబితాను గాక ఒక్క పొడవైన పంక్తినే శిశుప్రక్రియకు అందించును. దానిని మరల మాటలుగా విడదీయు భారము ఆ ప్రోగ్రాముపై పడును. ఆజ్ఞల వరుసను కలిగిన బ్యాచ్ ఫైళ్లను పిలుచునప్పుడు ఈ విడదీత వేరొక నియమమున జరుగుటచేత, జాబితా రూపమున పంపినను రక్షణము కొరవడు దోషము రస్ట్ మొదలైన పెక్కు భాషలలో నున్నట్లు 2024 ఏప్రిల్‌లో వెల్లడియై, సవరణలు వెలువడినవి.

ఇక ప్రత్యుత్తరము. పని ముగించు ప్రతి ప్రోగ్రామును ఒక సంఖ్యను వదలి పోవును. సున్న అనగా కార్యము సఫలము. తక్కిన సంఖ్యలు వైఫల్యమును గాని, ప్రత్యేక స్థితిని గాని సూచించును. ఆజ్ఞ పేరే దొరకనిచో షెల్లు 127 అని చెప్పును. దొరికియు నడపుటకు వీలులేనిచో 126 అని చెప్పును. ఈ సంఖ్యతోబాటు ప్రోగ్రాము రెండు వేర్వేరు మార్గములలో మాటలాడును: ఫలితము ఒక మార్గమున, ఫిర్యాదులు మరియొక మార్గమున. ఈ రెండును తెరపై కలిసి కనబడుటచే మనకు తేడా తెలియదు గాని, స్క్రిప్టు వానిని వేరువేరుగా అందుకొనగలదు. అందుకొనవలెను కూడ, లేనిచో టెసరాక్ట్ చేసిన హెచ్చరిక యొకటి ద్విపద పంక్తుల నడుమ చేరి కావ్యభాగమైపోవును.

పలువురు స్క్రిప్టులు వ్రాయుదురు గాని ఈ సంఖ్యను చూడరు. నాలుగు వందల పుటలలో నూట పదునేడవ పుట చిత్రము చెడియుండి, టెసరాక్ట్ దానిని తెరువజాలక శూన్యేతర సంఖ్యతో మరలినను, ఆ స్క్రిప్టు నూట పదునెనిమిదవ పుటకు సాగిపోవును. చివరకు గ్రంథము సిద్ధమైనట్లే కనబడును. ఒక పుట లోపించినదని ఏ పాఠకుడో, ఏ సంవత్సరముననో, ద్విపదలో ఒక పాదమునకు జత దొరకక కనుగొనవలెను. పాత గ్రంథముల విషయమున ఇట్టి మౌనలోపము అన్నింటికంటె క్రూరమైనది. వైఫల్యము కలిగినచో అక్కడనే ఆగి, పుట సంఖ్యను ఫిర్యాదుతో సహా వ్రాసిపెట్టునట్లు స్క్రిప్టును నిర్మింపవలెను; పైథాన్‌లో ‘చెక్’ అను ఐచ్ఛికము ఇందుకే యున్నది.

అయితే శూన్యేతరమెల్ల వైఫల్యము కాదు. వెదకులాటకు ప్రసిద్ధమైన ‘గ్రెప్’ అను ఆజ్ఞ, వెదకిన మాట దొరికినచో సున్నను, దొరకనిచో ఒకటిని, ఫైలు తెరువజాలకపోవుటవంటి నిజమైన దోషము కలిగినచో రెండును చెప్పును. ‘కారెంపూడి’ యని నేటి వ్రాతలో వెదకి ఒకటి యను ప్రత్యుత్తరము పొందినవాడు యంత్రమును నిందింపరాదు; ఆ రణభూమిని కావ్యము ‘కార్యమపూడి’ యని పిలిచినది గనుక ఆ పేరున మరల వెదకవలెను. ప్రతి ప్రోగ్రాము సంఖ్యలకును దానిదైన అర్థమున్నది. దాని వివరణ పత్రమును చదువక ఊహించుట తగదు.

మూడవ చింత అలరాజు చింత. ఆ రాయబారి విషప్రయోగమునకు బలియై తన వారి కడకు మరల రాలేదు. ఆ రాకపోకల తెగిపాటుననే కథ యుద్ధమువైపు తిరిగెను. మన శిశుప్రక్రియయు ఎచ్చటనో చిక్కుకొని మరల రాకపోవచ్చును. మనుష్యుని అనుమతి కోరుచు ఒక ప్రశ్న వేసి, జవాబు చెప్పువాడు లేక ఆగిపోవచ్చును. జాలములో స్పందింపని యంత్రమునకై ఎదురుచూడవచ్చును. కాలపరిమితి లేని స్క్రిప్టు దానితోబాటే శాశ్వతముగా నిలిచిపోవును. ఒక్క పుటకు ఇన్ని సెకండ్లని గడువు విధించి, గడువు మీరినచో ఆ ప్రక్రియను నిలిపివేసి, విషయమును నమోదు చేయుట విధాయకము.

నిరీక్షణములో మరియొక సూక్ష్మమైన ఉచ్చు కలదు. దీనిని తెలుగువారు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. జనకునకును శిశువునకును నడుమ నున్న గొట్టము అపారము కాదు. లినక్సులో దాని సాధారణ పరిమాణము 65,536 బైట్లు. స్క్రిప్టు ముందుగా ‘నీవు ముగించువరకు వేచియుండెదను, పిమ్మట చదివెదను’ అని నిలిచినచో, శిశువు గొట్టము నిండువరకు వ్రాసి, ఇక చోటు లేక ఆగును. జనకుడు శిశువు ముగించుటకును, శిశువు జనకుడు చదువుటకును ఎదురుచూచుచు ఇరువురును కదలక మెదలక నుందురు. ఆంగ్లాక్షరములకు ఒక్కొక్కదానికి ఒక్క బైటు చాలును, యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు అక్షరమునకు, గుణింతపు గుర్తునకు, పొల్లునకు సహా ఒక్కొక్కదానికి మూడు బైట్లు పట్టును. అనగా ఆంగ్ల గ్రంథము అరువదియైదు వేల అక్షరములతో నింపు గొట్టమును మన గ్రంథము సుమారు ఇరువదిరెండు వేల గుర్తులతోనే నింపివేయును. ఆంగ్ల పుటలతో చక్కగా పరీక్షకు నిలిచిన స్క్రిప్టు తెలుగు పుటలతో స్తంభించిపోవుటకు ఇదియొక కారణము. శిశువు వ్రాయుచుండగనే చదువుచుండు ‘కమ్యూనికేట్’, ‘రన్’ అను పిలుపులను పైథాన్ కర్తలు ఇందుకొరకే సమకూర్చిరి.

బైట్ల ప్రసక్తి వచ్చినది గనుక విండోస్ విషయమొకటి చెప్పి ముందునకు పోయెదను. వచ్చిన బైట్లను ఏ లిపిపద్ధతిలో చదువవలెనో స్క్రిప్టు చెప్పనిచో, అచ్చటి పైథాన్ చాలకాలముగా పాశ్చాత్య లిపులకు ఉద్దేశింపబడిన పాత పద్ధతిని అనుసరించుచున్నది. తెలుగు ఫలితము వికృతమైన గుర్తులగును, లేదా స్క్రిప్టే దోషము చూపి ఆగును. యు.టి.ఎఫ్.-8 అని స్పష్టముగా పేర్కొనుట ఒక్క మాట పని.

చేతితో నడపినప్పుడు చక్కగా నడచిన స్క్రిప్టు, రాత్రివేళ తనంత తాను నడచునట్లు క్రాన్ అను కాలనియామకునకు అప్పగింపగనే ‘టెసరాక్ట్ కనబడలేదు’ అని ఫిర్యాదు చేయుట తరచుగా జరుగునది. ప్రోగ్రాములను ఏయే ఫోల్డర్లలో వెదకవలెనో తెలుపు ‘పాత్’ అను పరిసర విశేషము మన తెరముందు విస్తారముగాను, క్రాన్ చేతిలో సంకుచితముగాను ఉండును. సంపూర్ణ మార్గమును వ్రాసినచో ఈ కష్టము తీరును. అంతకంటె ముఖ్యముగా, అదే పేరుతో వేరొక ఫోల్డరులో ఎవరైన నుంచిన దొంగ ప్రోగ్రాము నడువకుండును. పరిసర విశేషములు నిరపాయములనుకొనరాదు. 2014 సెప్టెంబరులో బయటపడిన షెల్‌షాక్ అను దోషము బాష్ షెల్లులో పాతికేండ్లు గుప్తముగా నుండెను. పరిసర విశేషములో ఇమిడ్చిన ఆజ్ఞను బాష్ తనంత తాను నడపుటయే దాని స్వరూపము.

అన్ని పనులకును దూతను పంపుట ఉచితమా యని అడుగుదురేమో. కాదు. ఫైలు పేరు మార్చుట, ఫోల్డరు సృజించుట, జాబితా తీయుట మొదలైనవి పైథాన్ తానే చేయగలదు. వానికొరకు బయటి ఆజ్ఞను పిలుచుట వ్యర్థ వ్యయము, అనవసరమైన అపాయము కూడ. ఒక్కొక్క పిలుపునకు ఒక నూతన ప్రక్రియ పుట్టి గిట్టవలెను గదా! అక్షరములను గుర్తించుటవంటి గురుకార్యమున మాత్రము ఒక్కొక్క పుటకే కొన్ని సెకండ్లు పట్టుటచేత ఈ జననమరణముల వ్యయము లెక్కకు రాదు. పైగా టెసరాక్ట్ ఏ పుటనైన చూచి కుప్పకూలినను స్క్రిప్టు తాను కూలక సురక్షితముగా నిలిచి, ఆ పుట సంఖ్యను వ్రాసిపెట్టగలదు. నరసరావుపేటలోని ఇంజనీరింగు కళాశాలలలో పైథాన్ నేర్చుకొను విద్యార్థులు కూడికలు తీసివేతల అభ్యాసములతో తృప్తిపడక, తమ సీమ గ్రంథము నొకదానిని తీసికొని ఈ పని చేసి చూడవలెనని నా కోరిక. ఒక్క వారములో వారికి ప్రక్రియలు, సంకేతములు, లిపిపద్ధతులు, భద్రత యను విషయములన్నియు అనుభవమునకు వచ్చును. సీమకొక గ్రంథము దక్కును.

ఆ గ్రంథమును పూర్తి చేయు పని మాత్రము ఏ ఆజ్ఞకును లొంగదు. మాసిన పుటపై నున్న అరసున్నను టెసరాక్ట్ విడిచివేయవచ్చును, బండి ‘ఱ’ను సాధు రేఫముగా చదువవచ్చును, ఒత్తులను తారుమారు చేయవచ్చును. ఇవి సున్న సంఖ్యతో, ఏ ఫిర్యాదును లేక, సఫలములుగానే తిరిగి వచ్చు తప్పులు. అట్టి తప్పులను మనుష్యులే పోల్చి దిద్దెడి తెలుగు వికీసోర్సులో ప్రతి పుటకును చిత్రము ఒక ప్రక్కన, యంత్రము గుర్తించిన పాఠము మరియొక ప్రక్కన నుండును. దిద్దని పుటకు ఎరుపు, ఒకరు పోల్చి దిద్దిన పుటకు పసుపు, వేరొకరు మరల సరిచూచిన పుటకు ఆకుపచ్చ రంగును వేయుదురు. దిద్దినవారే సరిచూచుటకు అచ్చట వీలులేదు. రెండవ మనుష్యుడు వచ్చువరకు ఆ పుట పసుపుగానే యుండును.